పిండి మెత్తగా పడే గిర్ని

గిర్నిలోంచి అప్పుడే వచ్చిన జొన్నపిండి వెచ్చటి వాసన తగిలితే నాకు ఇప్పటికీ నెత్తురు గుర్తొస్తుంది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బోయిగూడలో మా సందు చివరే పిండి గిర్ని ఉండేది. అయినా మా మేనత్త స్టీలు డబ్బా చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని రెజిమెంటల్ బజార్ గిర్ని దాకా నడిచేది.

“గింత దూరమెందుకత్తా?” అంటే, “ఆడ పిండి మెత్తగ పడ్తది బిడ్డా” అనేది. నేను నమ్మాను.

ఒకరోజు ఆ గిర్ని మూసి ఉంటే, వెనక్కొచ్చి మా సందు చివరి గిర్నిలోనే పిండి పట్టించాం. బయటికి రాగానే, అక్కడి అరుగు మీద రోజూ కూర్చునే వాళ్లలో ఒకడు లేచి అత్త రొమ్ము మీద చెయ్యి వేశాడు. మిగతావాళ్లు నవ్వారు. అత్త డబ్బా ఎత్తి వాడి మొహాన కొట్టింది. మూత ఎగిరిపోయింది. వాడు కిందపడ్డా ఆగలేదు, డబ్బా సొట్టలు పడేదాకా కొట్టింది. తెల్లటి పిండిలో నెత్తురు, వాడి పన్ను ఒకటి.

ఇంట్లో నాయనమ్మ చీపురు తిరగేసి అత్తను బాదింది. “బజార్ల మొగోన్ని కొడ్తవా? ఇజ్జత్ తీసినవు గదనే!”

పిండి ఒలకబోసినందుకే ఆ దెబ్బలనుకున్నాను. “ఇంకా జెర ఉంది నాయనమ్మా” అని ఏడుస్తూ డబ్బా అడుగున మిగిలిన పిండి చూపించాను.

అత్త అంత దూరం నడిచింది పిండి కోసం కాదని, నేను ఉద్యోగానికి వెళ్లే బస్సులో నా మీదా చేతులు పడ్డాకే అర్థమైంది.

మొన్న పిండి పట్టించడానికి నడుస్తుంటే నా కూతురు అడిగింది. “మన గల్లీలనే గిర్ని ఉంది గదమ్మా, గింత దూరమెందుకు?”

“ఆడ పిండి మెత్తగ పడ్తది బిడ్డా” అన్నాను.

డబ్బాను చంకలోంచి కుడిచేతిలోకి మార్చుకున్నాను.