ఆయిలు పలచబడినచోట

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆటోనగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో వెల్డింగు అతుకులు పరీక్షించే పని చేసేవాణ్ణి. అతుకు పక్కన ఆయిలు రాసి, శబ్దాన్ని పంపి తిరిగి పట్టుకునే అగ్గిపెట్టెంత ప్రోబును దానిమీద ఆనించి జరపాలి. చెవికి వినపడని శబ్దం ఉక్కులోకి ఏటవాలుగా దిగుతుంది. ఉక్కు ఎక్కడికీ పోదు. దానిలోని ప్రతి కణమూ ఉన్నచోటే ఊగి, పక్కదాన్ని ఊపుతుంది. ప్రయాణించేది ఆ ఊపు ఒక్కటే. దారిలో గాలి తగిలితే దాటలేక వెనక్కి వస్తుంది. అంటే, అతుకులో బుడగో పగులో ఉంటే యంత్రం తెరమీద చదునైన గీత ఒకచోట నిటారుగా లేస్తుంది.

గీత చదునుగా ఉండడానికి కారణాలు రెండు. ఒకటి, అతుకు బాగుండడం. రెండు, ఆయిలు పలచబడి ప్రోబుకూ ఉక్కుకూ మధ్య గాలి చేరడం. అప్పుడు అల అసలు లోపలికే వెళ్లదు.

ఆ రోజు బల్లమీద ఉన్నది నా పక్కగదివాడు వెల్డింగు చేసిన ముక్క. సముద్రం ఒడ్డు జాలరిపేటవాడు, నా ఈడువాడు. గ్రైండింగు చేస్తూనే వెల్డింగు నేర్చుకున్నాడు. ముక్క పాసైతే వెల్డరు, లేకపోతే మళ్లీ గ్రైండింగే.

“గోదారోడివి, సేప ముల్లు తియ్యడం రాదు గానీ ఇనుంలో ముల్లులు ఎతుకుతన్నావేటి బావా!” అని నవ్వాడు. అతను వండిన చేపల కూరతో నేను పడే అవస్థ రోజూ చూసేవాడు.

అతుకు మధ్యలో గీత లేచింది. ప్రోబును అక్కడే అటూ ఇటూ రుద్దాను. ఆయిలు పక్కలకు పోయింది. లేచిన గీత కుంగుతూ కుంగుతూ చదునైంది. అలాగే ముందుకు జరిపితే ముక్క పాసే, ఎవరూ అడగరు. నేను జరపలేదు. ఆయిలు డబ్బా అందుకోనూ లేదు.

తెర నావైపే తిరిగి ఉంది. “ఏటి బావా, అక్కడే ఉండిపోనావు?” అంటూ అతుకుమీదికి వంగి చూశాడు. “ఆయిలు లేదు కదేటి!”

తనే డబ్బా తెచ్చి, వేలితో శ్రద్ధగా పూశాడు. నేను ప్రోబు పైకెత్తి చోటిచ్చాను.

గీత మళ్లీ లేచింది, మొదటిసారికంటే ఎత్తుగా.

“సరిపోయిందా బావా?”

“సరిపోయింది.”

సుద్దముక్కతో అతుకు పక్కన అడ్డగీత గీశాను. దాని అర్థం అతనికి తెలుసు: మళ్లీ గ్రైండింగే. దానివైపు చూస్తూ, వేలికంటిన ఆయిలు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“సూసింది నువ్వు గాబట్టి సరే,” అన్నాడు. “ఇంకోడైతే నాను నమ్మకపోదును.”

నేను తలొంచుకుని ప్రోబు తుడుస్తూ ఉండిపోయాను.