పొద్దుమూకితే ఇంటికొచ్చే సెన్సర్

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై నాలుగైదేళ్లయి ఉంటుంది. నేను నగరంలో సముద్రాన్ని చదివే ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. సముద్రం లేని చోట సముద్రం పనేందని మా కొత్వాల్‌గూడలో అందరూ నవ్వేవాళ్లు. నవ్వుకోనీ అనేదాన్ని గానీ లోపల మండేది.

నా పని ఆక్సిజన్ సెన్సర్‌తో. సముద్రంలో కంటికి కనపడని మొక్కలు పగటి ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తాయి. నీళ్లలో బతికే ప్రతిదీ రాత్రీ పగలూ దాన్ని పీల్చుకుంటుంది. అందుకే నీళ్లలో ఆక్సిజన్ పగలు పెరిగి రాత్రి తగ్గుతుంది. అది కొలిస్తే సముద్రం ఎంత వండుకుందో, ఎంత తిన్నదో తెలుస్తుంది. మనిషి తోడు లేకుండా నెలల తరబడి మునిగి తేలుతూ ఆ లెక్క పంపే యంత్రానికి మా సెన్సర్ బిగించాలి. ముందు మంచినీళ్లలో పాసైతేనే అది ఓడ ఎక్కుతుంది. లేదంటే నా పని అక్కడికి సరి.

అనుమతి తీసుకుని మా ఊరి చెరువు హిమాయత్ సాగర్‌లో, మా పొలం ఒడ్డునే, గుంజకు కట్టి వేలాడదీశాను. కనిపెట్టుకుని ఉండమని మా నాన్నకు, అదే బాపుకు, చెప్పాను. వారం తర్వాత ఒక మధ్యాహ్నం పోయి లెక్కలు ల్యాప్‌టాప్‌లోకి దించుకుని చూస్తే పై ప్రాణాలు పైనే పోయాయి. పగలు గీత బాగానే పెరిగింది. పొద్దుమూకగానే ఒక్కసారిగా పడి, రాత్రంతా స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఉంది.

మర్నాడు ఆఫీసులో ఆ గీత చూపించాను. మా సార్ కోస్తా మనిషి, గట్టిగా అరవరు. "రాత్రిపూట ఊపిరి తీసుకోని చెరువు ఎక్కడైనా ఉంటుందా అమ్మా? సెన్సర్ చెడిపోయింది, తీసుకొచ్చెయ్యి" అన్నారు. బాత్రూంలోకి పోయి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఆ సాయంత్రమే ఊరికి పోయాను. కట్ట దగ్గర బాపు మోపెడ్ మీద ఎదురొచ్చాడు. వెనక నీళ్ల మోటారు, ఒళ్లో తువ్వాలలో చుట్టిన నా సెన్సర్. మా దగ్గర మోటారును రాత్రి ఒడ్డున వదిలేవాళ్లెవరూ లేరు. రాగితీగ కోసం దొంగలు ఎత్తుకుపోతారు. పొద్దుమూకితే విప్పి ఇంటికి తేవడం, పొద్దున్నే మళ్లీ బిగించడం బాపుకు అన్నం తిన్నంత అలవాటు.

"రోజూ గిట్లనే తెస్తున్నవా బాపూ?"

"మరి? గంత పిరమైన మాల్ నీళ్లల్ల ఇడ్శిపెట్టి నేనెట్ల పండుకుంట బిడ్డా? మంచిగ తుడిశి పెడ్తున్న."

ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన తువ్వాల ఇంకోసారి బిగించి చుట్టాడు. అరిచి అరిచి అలసిపోయాక తట్టింది. రాత్రంతా సెన్సర్ కొలిచింది మా ఇంట్లో గాలిని. గాలిలో ఆక్సిజన్ శాతం మారదు. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచాను. అన్ని రాత్రుల గీతలూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. అంటే సెన్సర్ చెడిపోలేదు, వారమంతా నిజమే చెప్పింది. సముద్రంలో వదిలాక దాని మాట నమ్మాలా వద్దా అన్నదే మా అందరి బెంగ. అప్పుడప్పుడు గాలి కొలిపిస్తే చాలు, ఆ కొలత మారకుంటే సెన్సర్ సరిగ్గా ఉన్నట్టే! బాపు చెయ్యి పట్టుకుని నవ్వాను. నాకేమైందో ఆయనకు అర్థం కాలేదు.

మరుసటి వారం సెన్సర్ రాత్రుళ్లు కూడా నీళ్లలోనే ఉంది. బాపును ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. రాత్రి గీత బుద్ధిగా కిందికి దిగింది. సార్ రెండు వారాల గీతలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. యంత్రం పైకి తేలినప్పుడల్లా సెన్సర్ తల గాలిలోకి వచ్చేలా బిగించమన్నారు.

ఓడ బయల్దేరే ముందు బాపు ఒక్కటే అడిగాడు. "సముద్రంల పొద్దుమూకితే దాన్ని ఎవలు తెస్తరు?" అదే పైకొచ్చి కబురు పంపుతుందని చెప్పాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. అప్పటినుంచి చీకటి పడినా ఒడ్డు విడిచి రావడం లేదని అమ్మ ఫోన్లో గొణిగేది.

మొదటి కబురు ఒక సాయంత్రం వచ్చింది. గాలి కొలత ఉండాల్సిన చోటే ఉంది. సార్ కన్నా ముందు బాపుకు ఫోన్ చేశాను. అటువైపు మోటారు చప్పుడు, పైనుంచి పోతున్న విమానం మోత.

"పైకొచ్చింది బాపూ. మంచిగున్నది."

అటువైపు మోటారు ఆగింది.

"వచ్చిందా? అయితే ఇగ నేను గూడ ఇంటికి పోత బిడ్డా" అన్నాడు.