వీపు మీది మట్టి

హైదరాబాదు మీద పోలీసు చర్య అయిన నాలుగైదేళ్ల తర్వాతి సంగతి. నారాయణపేటలో మాకు కుస్తీ నేర్పిన వస్తాదుకు ఒక పట్టింపు ఉండేది. గెలిచినవాడు ఓడినవాడి వీపు మీది మట్టిని తన చేత్తో దులిపాకే గోదాలోంచి బయటికి రావాలి. ఎందుకని అడిగితే, "ముందుగాల దులుపు, గదే తెలుస్తది" అనేవాడు. పగలంతా మగ్గం నేసి సాయంత్రం కుస్తీ సాధనకు తాలీంకు పోయే నాకు అది ఉత్త చాదస్తంగా తోచేది.

ఒక జాతరలో ఆత్మకూరు పహిల్వాన్‌ను చిత్తు చేశాను. దోస్తులు నన్ను భుజాలకెత్తుకున్నారు. ఆ సంబరంలో అతని వీపు సంగతే మరిచాను. పైనుంచి చూద్దును కదా, అరవై ఏళ్ల మా వస్తాదు తలకు చుట్టుకున్న తెల్ల రుమాలు విప్పి, ఆ ఓడినవాడి వీపు తుడుస్తున్నాడు.

గబగబా దిగి పరుగెత్తాను. "తప్పయింది వస్తాద్, నేను దులుపుత."

"అయిపాయె," అన్నాడు. "పడ్డోని వీపుకు వాని చెయ్యి అందదు బిడ్డా. నీకైతే అందుతుండె."

రుమాలు ఉతికిస్తానంటే ఇవ్వలేదు. ఆ ఎర్రమట్టి మరకలతోనే దాన్ని తలకు చుట్టుకుని, నా గెలుపు ఊరేగింపులో నా పక్కనే నడిచాడు.