ఇస్త్రీ పెట్టిన పాఠాలు

ఎనభైలలో మేం బెంగళూరు నగర్తపేటలో ఉండేవాళ్ళం. మా కోడలు సుశీల చూపులేని పిల్లలకు చదువు చెప్పే డిగ్రీ కోసం సాయంత్రం క్లాసులకు వెళ్ళేది. ఒకరోజు పరీక్షకు ఇవ్వాల్సిన కాగితాలు బల్లమీద కనిపించాయి. వాటినిండా పొక్కులే. చీరల వ్యాపారం చేసే ఇల్లు మాది, నలిగింది చూస్తే చేతులు ఊరుకోవు. బొగ్గుల పెట్టెతో నున్నగా ఇస్త్రీ చేసిపెట్టాను.

సాయంత్రం సుశీల ఏడుస్తూ వచ్చింది. "అత్తా, ఆ పొక్కులే అక్షరాలు. నెలంతా కూర్చోని పొడిచిండా. చూపులేని మా మాస్టారు తడిమి, ఖాళీ కాగితాలు తెచ్చినావేమ్మా అన్నాడు."

"ముందే చెప్పుండాల కదమ్మా. నాకు ఇంకుతో రాసిండే అక్షరాలే సరిగ్గా రావు."

సంగతి విని మాస్టారు నవ్వి, వారం గడువిచ్చారట. ఆ వారం వంటంతా నేనే చేసి, వంటింటివైపు ఆమెను రానివ్వలేదు.

డిగ్రీ కాగితం చుట్టచుట్టుకుని ఇంటికొచ్చింది. నేను దాన్ని సరిచేద్దామని లేచేలోపే సుశీల ఇస్త్రీపెట్టెను అటకెక్కించింది.