ఎఫీ ఇంటి కోట తాళంచెవి

డన్‌లోరిన్ కోటకి కాపలావాడు లేడు. ఇనపగేటుకి ఒక చెక్కపలక మాత్రం ఉంది: "తాళంచెవి ఎఫీ గిల్‌క్రిస్ట్ ఇంట్లో అడగండి. చూశాక తాళం వేసి, చెవిని ఆవిడ తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి లోపల పడెయ్యండి." ఎఫీ బతుకంతా ఆ పలక మీదే రాసి ఉందంటే మా ఊళ్ళో ఎవరూ కాదనరు.

ఆ కోట దొరలు ఇంగ్లీషు సైన్యాలతో తరతరాలు కొట్టుకున్నారు, తమలో తాము అంతకంటే ఎక్కువ కొట్టుకున్నారు. పైకప్పు కూలాక ఊరివాళ్ళం ఆ రాళ్ళు మోసుకొచ్చి ఇళ్ళు కట్టుకున్నాం. ఎఫీ పొయ్యిగూటి మీద దొరల రాతి సింహం సగం ఉంది, మిగతా సగం మా పందుల దొడ్డి గోడలో ఉంది. ఆఖరి దొర కెనడా ఓడ ఎక్కబోతూ, బట్టలుతికే ఎఫీ ముత్తవ్వ చేతిలో తాళంచెవి పెట్టి "మళ్ళీ వస్తాం, జాగ్రత్త" అన్నాడట. వాళ్ళు హాయిగా పోయారు, బరువు ఈ ఆడవాళ్ళ నెత్తిన పడింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వెలుగున్నంతసేపు ఇంట్లో మనిషి ఉండాలన్నది వాళ్ళ నియమం. ఎఫీ తల్లి తన సొంత చెల్లెలి పెళ్ళికి కూడా గడప దాటలేదు. తల్లి పోయాక ఎఫీ వంతు వచ్చింది. వానలో ఒక్క పురుగు రాని రోజున కూడా ఓట్స్ రొట్టెల పిండి చేతులతో కిటికీ దగ్గరే నిలబడి రేవులో ఓడలు చూసేది.

అప్పుడొచ్చాడు గావిన్ ఫ్లెట్. ఆర్క్‌నీ దీవులవాడు, మా రేవు బాగుచేసే పనికి వచ్చి ఏడాదిపాటు ఉన్నాడు, ఎఫీకి దగ్గరయ్యాడు. ఓరోజు, ఎఫీ నేస్తాన్నైన నా ముందే అడిగేశాడు.

"మంగళవారం ఓడకి నాతో వచ్చెయ్ ఎఫీ. పెళ్ళి మా ఊళ్ళో చేసుకుందాం."

"మరి తాళంచెవో?"

"నా మొహాన కొట్టి పోవే! నీ కోటని నేనేమన్నా నమిలి మింగేస్తానా?" అన్నాను.

ఎఫీ పగలబడి నవ్వింది. వస్తానని మాట ఇచ్చింది. ఇంటికెళ్ళి ఆ సంతోషానికి నేనే కాసేపు ఏడ్చాను.

మంగళవారం ఆమె రేవుకి రాలేదు. ఓడ గావిన్‌ని ఒక్కణ్ణే తీసుకుని పోయింది. నేను పరుగున వెళితే ఎఫీ ఇంటికి తాళం వేసి ఉంది. వెతగ్గా వెతగ్గా కోట బురుజు పైన కనిపించింది. గేటు బయట తాళం. పొద్దున్నే ఆఖరిసారి చూసుకుందామని చెవి తాళంలోనే వదిలి పైకెక్కిందట. ఎవరో తాళం వేసి, పలక మీద ఉన్నట్టే చెవిని ఆమె ఇంట్లో పడేశారు. ఎఫీ తన ఇంటి చెవి పైనుంచి విసిరితే, వెళ్ళి కోట చెవి తెచ్చి బయటికి తీశాను.

తాళం వేసింది గావినే. తలుపు కంతలో చెవి పడేస్తుండగా ఉత్తరాలు పంచే పోస్టమ్మ చూసింది. ఎఫీ కోసం వచ్చి, ఇల్లు మూసి ఉంటే కోటకెళ్ళి, తాళంలో చెవి చూసి ఎవరో యాత్రికులు మరిచారనుకుని ఉంటాడు. మా ఊళ్ళో ఎవరైనా అదే చేస్తారు. కానీ తాళం తిప్పేముందు బురుజు వైపు తిరిగి "లోపలెవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు కేకెయ్యడం మాకు ఆచారం. ఎఫీ లోపలే చిక్కుకుందంటే ఆ కేక వెయ్యలేదనేగా అని ఊరంతా గావిన్‌ని తిట్టిపోసింది. అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే. పరాయి ఊరివాడికి మన మర్యాదలేం తెలుస్తాయన్నాను. ఎఫీ పల్లెత్తు మాట అనలేదు. దిగమింగుకుంటోందనుకున్నాం. గావిన్ మళ్ళీ రాలేదు.

ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం. మొన్న సూప్ తాగుతూ అలవాటుగా మళ్ళీ అతన్ని తిట్టాను.

ఎఫీ చెంచా కింద పెట్టింది. "ఇక చాలించవే జీనీ. పిలిచాడు. మూడుసార్లూ పిలిచాడు."

"నీకు వినపడలేదా మరి?"

"ఎందుకు వినపడదే? మెట్ల మీదే ఉన్నాను. పలికితే గేటు తీసేవాడు. తీస్తే వెళ్ళాలి కదే."