బావ బొటనవేలి గోరు

మా అక్క మొగుడికి కోపం ముక్కు మీదే ఉంటుంది. మంచు కురిసే చలిదేశంలో తను నడిపే నర్సరీలో ఎవరైనా మొక్కల్ని కలగాపులగం చేస్తే కుండీ ఎత్తి విసిరేవాడు. ఆయన తమ్ముడి కనుబొమ్మ మీది మచ్చ అలా వచ్చిందే. కోపంలో ఆ తమ్ముడు అన్నను మించినవాడు.

మొక్క దగ్గర మాత్రం బావ చేయి వేరు. దేవదారు, చలిదేశాల్లో పెరిగే లార్చ్ చెట్టు చిన్నప్పుడు కవలల్లా ఉంటాయి. రెండిటికీ సూదుల్లాంటి ఆకులు గుత్తులుగా వస్తాయి. బావ కళ్లు మూసుకుని నిమిరేవాడు. గుచ్చుకుంటే దేవదారు, మెత్తగా ఉంటే లార్చ్. చలికి చచ్చిందో బతికిందో తేల్చడానికి కుడి బొటనవేలి గోరు పెంచి, దాంతో బెరడు గీకి చూసేవాడు. ఆ గోరు జోలికి అక్కను కూడా రానిచ్చేవాడు కాదు.

లారీ తోలడం మానేసి తమ్ముడు నర్సరీలో చేరిన ఏడే ఒక కాలనీ రోడ్డుకు చెట్లు నాటే పని వచ్చింది. చలికాలమంతా చెట్లు పచ్చగా ఉంటాయని అతను కాలనీ యజమానికి మాటిచ్చేశాడు.

"దేవదారు ఇక్కడి చలికి ఆగదురా," అన్నాడు బావ.

కొట్టుకున్నంత పని చేసి, చివరికి రోడ్డుకు ఒక పక్క దేవదారు, ఇంకో పక్క లార్చ్ నాటారు. లార్చ్ చలికాలంలో ఆకు రాల్చి వసంతంలో మళ్లీ చిగురిస్తుందని తమ్ముడికి బావ చెప్పలేదు. నెమ్మదిగా కూర్చుని చెప్పే ఓపికే ఉంటే ఆయన మా బావ ఎందుకవుతాడు?

ఆ ఏడు చలి ఎముకలు కొరికింది. దేవదార్లు పచ్చగా నిలబడ్డాయి, లార్చ్‌లు మోడులయ్యాయి. యజమాని పదిమందిలో తమ్ముణ్ణి కడిగేశాడు. తమ్ముడు గొడ్డలితో రోడ్డు మీదికి వచ్చాడు.

"చచ్చినవి నాటి నా పరువు తీస్తావా?" అంటూ మోడుల్ని వరసగా నరుక్కుంటూ పోయాడు.

బావ పరుగెత్తి వచ్చి మొహం మీద గుద్దాడు. తమ్ముడి పెదవి చిట్లింది. నెత్తురు ఉమ్మి మళ్లీ గొడ్డలి ఎత్తాడు. బావ కుడిచేత్తో చెట్టును పట్టుకున్నాడు, తన చేయి ఉంటే నరకడులే అనుకుని. తమ్ముడు నరికాడు. బొటనవేలు తెగి మంచులో పడింది. వెనకే పరుగెత్తి వచ్చిన అక్క శాలువాతో ఆ చేయి చుట్టింది. తమ్ముడు గొడ్డలి వదిలేసి అక్కడే వాంతి చేసుకున్నాడు.

కట్లు విప్పాక బావ తమ్ముణ్ణి మెడపట్టి ఆ రోడ్డుకే లాక్కెళ్లాడు. మళ్లీ కొట్టుకుంటారేమోనని నాకు భయమేసి వెనకే వెళ్లాను.

"ఆ పచ్చదాన్ని గీకు."

దేవదారు బెరడు కింద అంతా గోధుమరంగు. పైకి పచ్చగానే ఉండి ఎప్పుడో చచ్చిపోయింది.

"ఇప్పుడు మోడును."

నెత్తురు మరక ఇంకా పోని లార్చ్ బెరడు కింద తడిగా, పచ్చగా ఉంది.

"అన్నయ్యా, బతికే ఉంది," అన్నాడు తమ్ముడు.

బావ ఎడమచేత్తో అతని చెంప పగలగొట్టాడు. "నువ్వు నరికినప్పుడు అవీ బతికే ఉన్నాయిరా."

తర్వాత తమ్ముడి కుడిచేయి పట్టుకుని, బొటనవేలు తిప్పి చూశాడు.

"ఈ గోరు చాలదు. పెంచు," అన్నాడు.