మణికట్టు మీది ఊదా మచ్చలు

మైక్రోస్కోపు ముందు కూర్చుంటే నాకు మహా హాయి. బయాప్సీ ముక్కని పల్చగా కోసి, రంగులద్ది, గాజు పలక మీద పెడితే, పైకి ఒకేలా కనిపించే మచ్చలు లోపల వేరువేరుగా తేలతాయి. రోగి మొహం చూడాల్సిన పని లేదు.

ఆ రోజు ముక్క ఎవరిదో మాత్రం నాకు తెలుసు. దేశ రాజధాని శివారు ద్వారకలో మా పై అంతస్తు ఆంటీది. కాకినాడ నుంచి వచ్చి, ఇక్కడి ప్రసవాల వార్డులో నర్సుగా ఎందరి బిడ్డల్నో అందుకున్న మనిషి. ఆమె మణికట్ల మీద దురద పెట్టే ఊదా మచ్చలు లేచాయి. కూతురికేమో నెలలు నిండాయి.

"కుష్టేమోనమ్మా. అదే అయితే బిడ్డని ముట్టుకోను," అంది.

దురద పెట్టే మచ్చ మామూలుగా కుష్టు కాదని ఆమే పదిమందికి చెప్పి ఉంటుంది. తన ఒంటి మీదికొచ్చేసరికి ఆ తెలివంతా ఏమైందో.

స్లయిడ్ చూస్తే అక్కడక్కడా నాలుగు వాపు కణాలు, అంతే. ఏ జబ్బనీ చెప్పలేను. అనుమానం వచ్చి ఫోన్ చేశాను.

"ఆంటీ, ఏమైనా పూశారా?"

"ఇంట్లో స్టెరాయిడ్ ట్యూబుంటే... కొంచెమేనమ్మా."

"డాక్టర్ని అడక్కుండా క్రీములు పూయొద్దని వార్డులో అందర్నీ తిట్టేది మీరే కదా."

"నర్సుని కదా, నాకు తెలీదా అనుకున్నా."

శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే. నాకు ఒళ్లు మండింది. ఆ క్రీము వాపుని అణిచేస్తుంది, నేను వెతికే ఆనవాళ్లు కూడా దాంతోపాటే పోతాయి. కొన్నాళ్లు మానేసి, కొత్త మచ్చ నుంచి మళ్లీ ముక్క తీయించుకోమన్నాను.

ఈలోగా మనవరాలు పుట్టింది. చూడ్డానికి వెళ్తే ఆంటీ పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని బాలింత గది గుమ్మంలోనే నిలబడి ఉంది. "మమ్మీ, గోద్ మే లో నా," అని కూతురు ఎత్తుకోమని బతిమాలుతోంది. ఆంటీ వినిపించుకోనట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది. నా కోపమంతా దిగిపోయింది.

రెండో ముక్క వచ్చింది. ఈసారి చర్మం పైపొర అడుగంచు రంపపు పళ్లలా ఉంది. దాన్ని ఆనుకుని కణాలు పట్టీలా బారులు తీరాయి. నరాల జోలికి ఏదీ పోలేదు. కుష్టు క్రిమి కోసం వేరే రంగు వేసి వెతికాను, లేదు. ఇది లైకెన్ ప్లానస్. దురద చంపుతుంది గానీ ఎవరికీ అంటదు. సంతోషంతో ఆ స్లయిడ్‌ని ఊరికే మరోసారి చూసుకున్నాను.

చర్మ డాక్టరుకి రిపోర్టు పంపి, సాయంత్రం నేనే మెట్లెక్కి చెప్పాను. "ఠీక్ హై," అంది ఆంటీ. సింకు దగ్గరికెళ్లి, డ్యూటీలో లాగే మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుంది. పిల్లని రెండు చేతుల్లోకీ తీసుకుని, వార్డు గుమ్మంలో ఇన్నేళ్లూ ఎవరెవరికో చెప్పిన మాటే నా వైపు తిరిగి చెప్పింది.

"ఆడపిల్లండీ. తల్లీ బిడ్డా క్షేమం."